అంతా కనిపిస్తోంది అనుకునే విశ్వాసి కళ్ళు తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

ముందే చెప్పేస్తాను, ఇది క్రీస్తును ఎరగనివాళ్ళ కోసం రాసింది కాదు. ఆదివారం పొద్దున్నే లేచి, బెంగళూరులో మారతహళ్ళిలోనో కృష్ణరాజపురంలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో జరిగే తెలుగు ఆరాధనకు టైముకి చేరుకుని, పాటలు పాడి, కానుక వేసి, "వందనాలు బ్రదర్" అని నలుగురినీ పలకరించి ఇంటికొచ్చే మనలాంటివాళ్ళ కోసం.

ఆత్మీయ గుడ్డితనం అనగానే మనలో చాలామందికి 2 కొరింథీ 4:4 గుర్తొస్తుంది. అక్కడ పౌలు మాట్లాడింది అవిశ్వాసుల మనోనేత్రాల గురించి. హమ్మయ్య, మన గురించి కాదు అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ అదే కొత్త నిబంధనలో కనీసం మరో మూడు చోట్ల గుడ్డితనం మాట వస్తుంది. ఆ మూడూ విశ్వాసులకు రాసినవే. 2 పేతురు 1:9లో, తన పూర్వపాపాలకు శుద్ధి కలిగిన సంగతి మరచిపోయినవాడు గుడ్డివాడు. 1 యోహాను 2:11లో, తన సహోదరుణ్ణి ద్వేషించేవాడి కళ్ళకు చీకటి గుడ్డితనం కలిగించింది. ప్రకటన 3:17లో, నాకేమీ కొదువ లేదని చెప్పుకునే లవొదికయ సంఘం గుడ్డిది. క్షమాపణ మరచిపోవడం, తోటివాణ్ణి ద్వేషించడం, అన్నీ ఉన్నాయనుకోవడం. మన జబ్బు ఈ మూడింట్లో ఏదో ఒకటి, లేదా మూడూ.

లవొదికయ గురించి ఒక్కమాట. ఇప్పటి టర్కీలో ఉన్న ఆ ఊరు నల్ల ఉన్నికి, వైద్యానికి పేరు మోసింది. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి కూలిపోతే రోమా ప్రభుత్వం సాయం లేకుండా సొంత డబ్బుతో మళ్ళీ కట్టుకున్నారు. డబ్బుంది, బట్టలున్నాయి, వైద్యముంది. నీళ్ళు మాత్రం దూరం నుంచి రాతి గొట్టాల్లో రావాలి. కావేరి నీళ్ళ కోసం, ట్యాంకర్ కోసం ఎదురుచూసే వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో కూర్చుని లవొదికయకు రాసిన ఆ ఉత్తరం చదివితే కొంచెం నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. అలాంటి ఊరివాళ్ళతో ప్రభువు, కంటికి మందు నా దగ్గర కొనుక్కోండి అన్నాడు.

బెంగళూరుకు వచ్చిన తెలుగువాడికి ఇంకో చిక్కుంది. సొంత ఊళ్ళో మనం ఎవరితో తిరుగుతున్నామో, అమ్మ మీద ఎలా అరిచామో పాస్టరు గారికి సాయంత్రానికల్లా తెలిసిపోయేది. విసుగ్గా ఉండేది, నిజమే. కానీ మనల్ని చూసే కళ్ళుండేవి. ఇక్కడ మనల్ని వారానికి రెండు గంటలు, ఇస్త్రీ బట్టల్లో మాత్రమే చూస్తారు. సంఘాన్ని కూడా పార్కింగ్ ఉందా, పిల్లలకు సండే స్కూల్ ఉందా, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటాలా అని చూసి ఎంచుకుంటాం. మనకు తెలియనిది మనకు చెప్పగలిగేంత దగ్గరగా ఎవరూ ఉండరు. నా ఉద్దేశంలో ఇక్కడ మన చూపు తగ్గడానికి అసలు కారణం ఇదే. వాక్యం తక్కువై కాదు. ఫోన్లో రోజుకు పది ప్రసంగాలు వినేవాళ్ళం.

మొదటి పని: ఒక్కో కన్నూ మూసి చూడండి

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు ఒక కన్ను మూసి అక్షరాలు చదవమంటారు, తర్వాత రెండోది. ఎందుకంటే ఒక కన్ను బాగుంటే రెండోది మందగించిన సంగతి ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. మంచి కన్ను లాక్కొచ్చేస్తుంది. మన విషయంలో ఆ మంచి కన్ను ఆదివారం. కీబోర్డు వాయిస్తాం, కూడికలకు వెళ్తాం, ఉపవాస ప్రార్థన మానం. కాబట్టి మొత్తంగా చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది.

అందుకని పరీక్షలో సంఘాన్ని, సేవను పూర్తిగా పక్కన పెట్టండి. ఒక శనివారం ఫోన్ పక్క గదిలో ఉంచి, కాగితం పెన్ను తీసుకుని కూర్చోండి. ఈ కింది చోట్లను విడివిడిగా చూడండి. "నేను మంచి క్రైస్తవుడినేనా" లాంటి ప్రశ్న వేసుకోకండి, దానికి ఎప్పుడూ మనకు నచ్చే జవాబే వస్తుంది. పోయిన నెలలో జరిగినవి మాత్రం రాయండి.

ఇల్లు. భార్యతోనో భర్తతోనో రూమ్మేట్‌తోనో ఆఖరిసారి "తప్పు నాదే" అన్నది ఎప్పుడు? గుర్తు రాకపోతే అదే రాయండి. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేస్తే ఎంతసేపు మాట్లాడుతున్నారు, వాళ్ళ మాట ఎంతసేపు వింటున్నారు?

డబ్బు, ఉద్యోగం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన సంఘాల్లో ఎవరూ మాట్లాడని విషయమిది. కన్సల్టెన్సీకి డబ్బు కట్టి మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఫేక్ పెట్టించుకుని, ఇంటర్వ్యూలో ఇంకొకరి చేత మాట్లాడించి ఉద్యోగం తెచ్చుకుని, ఆ ఆదివారమే లేచి "దేవుడు అద్భుతం చేశాడు" అని సాక్ష్యం చెప్తే సంఘమంతా చప్పట్లు కొడుతుంది. అడిగేవాడు లేడు. హెచ్‌ఆర్‌ఏ (అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) కోసం కట్టని అద్దెకు రసీదులు పెట్టడం అయితే అసలు తప్పుల లెక్కలోకే రాదు. "అందరూ చేసేదే కదా బ్రదర్" అన్న మాట మీ నోట్లోంచి ఎక్కడ వస్తుందో అక్కడ గుర్తు పెట్టండి. కన్ను మందగించిన చోటు సరిగ్గా అదే.

కులం. ఇది ఇంకా లోతైనది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరు బయట ఉంచినవాళ్ళను లోపలికి పిలిచిన సువార్త మనది. వాళ్ళ తర్వాతి తరాలవాళ్ళమే ఇవాళ బెంగళూరులో కొత్తగా వచ్చిన కుటుంబాన్ని "మీదే ఊరండీ? అక్కడ ఏ వీధి?" అని అడుగుతున్నాం. ఊరి మీద ప్రేమతో కాదని ఇద్దరికీ తెలుసు. పెళ్ళి సంబంధాల ప్రొఫైల్లో "మారుమనస్సు పొందినవారు కావలెను" అన్న లైను పక్కనే ఉపకులం లైను కూడా ఉంటుంది. రెడ్డి, కమ్మ క్రైస్తవుల సంగతి ఒకటి, మాల మాదిగ సంఘాలు ఒకదాన్నొకటి చూసే చూపు ఇంకొకటి. మీ పిల్లల పెళ్ళి విషయంలో మీరు ఎవరికి ముందే తలుపు మూసేశారో నిజాయితీగా కాగితం మీద పెట్టండి. చింపేసినా పర్వాలేదు, ముందు రాయండి.

పనివాళ్ళు. మీ ఇంట్లో పనిచేసే ఆమె ఊరు రాయచూరా, అనంతపురమా? ఆమె పిల్లలెంతమంది? జీతం ఏ తారీఖున ఇస్తున్నారు? యాకోబు 5:4లో బిగపట్టిన కూలి మొర్రపెడుతోంది అని ఉంది. మీ అపార్ట్‌మెంట్ పక్కన కట్టే బిల్డింగులో పాలమూరు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలే ఉండొచ్చు. వాళ్ళలో ఒక్కరైనా మీ తెలుగు సంఘంలో కనిపిస్తున్నారా? కనిపిస్తే ఏ వరసలో కూర్చుంటున్నారు?

నాలుగు చోట్లా ఒకేలా ఉండదు. ఒకటి రెండు చోట్ల నిజంగానే బాగుంటారు, అది కూడా రాసుకోండి. మిగిలినవాటిలో ఏది రాసేటప్పుడు పెన్ను ఆగిందో దాని కింద గీత గీయండి. ఈ నెలకు అదొక్కటే మీ పని.

రెండో పని: పేరు పెట్టి అడగండి

"నా కళ్ళు తెరువు ప్రభువా" అని పాడితే సరిపోదు. గుడ్డి భిక్షగాడు బర్తిమయి దావీదు కుమారుడా అని అంత గట్టిగా కేకలు వేసినా, యేసు అతన్ని పిలిచి నీకేం చేయమంటావని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో తెలియదా? అయినా అతని నోటితోనే చెప్పించాడు. మీరూ గీత గీసిన చోటు పేరు చెప్పండి. "ప్రభువా, నా భార్యతో మాట్లాడే తీరులో నాకు కనిపించనిది చూపించు." అంతే. కీర్తన 139లోని ఆఖరి రెండు వచనాలు దీనికి సరిపోతాయి, కంఠతా రాకపోతే చూసి చదవండి. రోజూ రెండు నిమిషాలు చాలు. దీనికోసం కొత్తగా నలభై రోజుల ఉపవాసం ప్రకటించాల్సిన పనిలేదు. ఆ ప్రకటన మళ్ళీ మంచి కన్ను చేసే పనే.

మూడో పని: వాగ్దానం కార్డు పక్కన పెట్టి పుస్తకం మొత్తం చదవండి

పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే వాగ్దానం మంచిదే. కానీ అందులో ఎప్పుడైనా "మీరు మోసముగా బిగపట్టిన కూలి" వచనం వచ్చిందా? వాగ్దానం పంపేవాళ్ళు మనకు నచ్చేవే పంపుతారు. మనకు కనిపించనిది మనం దాటేసే వచనాల్లోనే ఉంటుంది. కాబట్టి చిన్న పత్రిక ఒకటి మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్చోవడంలో చదవండి. యాకోబు పత్రిక ఐదు అధ్యాయాలే, గట్టిగా చదివినా ఇరవై నిమిషాలకు మించదు. ఆదివారం ఊరెళ్ళిపోయే వాళ్ళయితే మడివాళ బస్సులో చదువుకోవచ్చు. పాత అనువాదం భాష అడ్డొస్తే తేలిక తెలుగు అనువాదంలో చదవండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకో అలవాటు చేసుకోవాలి. కథ చదివేటప్పుడు మనం ఎప్పుడూ మంచివాడి వైపు నిలబడతాం. దావీదు గొల్యాతు కథలో మనమే దావీదు. ఇప్పుడు తప్పు చేసినవాడి వైపు నిలబడి చదవండి. 2 సమూయేలు 12 తీసుకోండి. బత్షెబ విషయం జరిగి, ఆమె భర్త ఊరియా చనిపోయి, బిడ్డ కూడా పుట్టాక గాని నాతాను ప్రవక్త రాలేదు. అన్ని నెలలూ దావీదు రాజ్యం చేశాడు, న్యాయం తీర్చాడు. పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ వినగానే దొంగిలించినవాడు నాలుగింతలు ఇవ్వాలని తీర్పు చెప్పాడు. అది నిర్గమకాండంలో ఉన్న శిక్షే, నాలుగింతలు. అంటే ధర్మశాస్త్రం అతనికి పొల్లుపోకుండా గుర్తుంది. పక్కవాడి గొఱ్ఱె విషయంలో అక్షరం తప్పలేదు. తన విషయంలో మాత్రం ఏమీ కనిపించలేదు. బైబిలు బాగా తెలిసినవాళ్ళు ఈ అధ్యాయం దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి, సంఘంలో పాఠాలు చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువసేపు.

నాలుగో పని: మిమ్మల్ని చూడటానికి ఒకరిని అనుమతించండి

దావీదుకు చూపు వచ్చింది ఒంటరిగా ప్రార్థిస్తుంటే కాదు, ఒక మనిషి ఎదురుగా వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అంటే. తర్వాత పౌలు అయిన సౌలు కళ్ళ మీద నుంచి పొరలవంటివి రాలడానికి కూడా అననీయ అనే మనిషి వచ్చి చేతులుంచాల్సి వచ్చింది. బెంగళూరులో నాతాను తనంతట తాను రాడు, మీరే వెళ్ళి అడగాలి.

ఎవరిని అడగాలి? మీ ఇస్త్రీ బట్టలు కాకుండా మిమ్మల్ని చూసినవాళ్ళను. పెళ్ళయినవాళ్ళకు భార్య లేదా భర్త. పీజీలో ఉంటే రూమ్మేట్, అతను విశ్వాసి కాకపోయినా సరే. యేసు ఎవరో ఫరిసయ్యుల కన్నా ముందు గుడ్డివాడిగా పుట్టినవాడికే అర్థమైంది కదా. సంఘంలో అయితే వయసులో పెద్ద, మాట బయటికి పోనివ్వనివాళ్ళు, మీ జీతం మీదా కానుక మీదా ఆధారపడనివాళ్ళు. ప్రేయర్ గ్రూపులో "నా కోసం ప్రార్థించండి" అని పెట్టడం దీనికి పనికిరాదు. అక్కడ చేతులు జోడించిన బొమ్మలు తప్ప ఇంకేమీ రావు.

ఎలా అడగాలి? "నాలో ఏమైనా తప్పుందా" అంటే "అబ్బే, మీరు చాలా మంచివారు" అనేస్తారు. ఇలా అడగండి: "అక్కా, మా ఇంటికి మీరు చాలాసార్లు వచ్చారు. నేను నా భార్యతో మాట్లాడేది విన్నారు. అందులో మీకు ఇబ్బందిగా అనిపించింది ఒక్కటి చెప్పండి. నేను ఎదురు చెప్పను." ఆమె కొంచెం తటపటాయిస్తుంది. టీ తాగమంటుంది. తర్వాత చెప్తుంది. అప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే, "సరే అక్కా" అని ఊరుకోవడం. కారణాలు చెప్పకండి. ఆఫీసు టెన్షన్ ఎత్తకండి. వారం రోజుల దాకా ఆ మాట గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. మొదటి రెండు రోజులు ఆమె మీదే కోపం వస్తుంది, ఆమె ఇంటి లోపాలు గుర్తొస్తాయి. నలుసు, దూలం గురించి ప్రభువు చెప్పింది ఆ రెండు రోజుల గురించే అనిపిస్తుంది నాకు.

ఒక హెచ్చరిక. అన్నీ నాకే చెప్పాలి, నన్ను అడగకుండా ఇల్లు మారకూడదు, ఉద్యోగం మారకూడదు అనే "ఆత్మీయ తండ్రులు" ఈ నగరంలో కూడా ఉన్నారు. అది మందలింపు కాదు, పెత్తనం. నాతాను దావీదుకు నిజం చెప్పాడు, రాజ్యం అడగలేదు. మీరు చెప్పిన రహస్యం వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వినిపిస్తే, ఇక ఆ మనిషికి చెప్పకండి.

ఐదో పని: కనిపించినంత మేరకు వెంటనే చేయండి

యోహాను 9లో యేసు గుడ్డివాడి కళ్ళకు బురద పూసి సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు. అక్కడే, ఆ క్షణానే చూపు రాలేదు. కళ్ళకు బురదతో తడుముకుంటూ వెళ్ళాడు, కడుక్కున్నాక చూశాడు. మనమేమో పూర్తిగా కనిపించాక వెళ్దాంలే అని కూర్చుంటాం.

కనిపించిన దాంట్లో అన్నిటికన్నా చిన్నది, ఈ వారంలోనే అయిపోయేది ముందు చేయండి. పనిమనిషికి ఒకటో తారీఖున జీతం, పండక్కి ఊరెళ్ళిన రోజులకు కోత లేకుండా. తమ్ముడితో రెండేళ్ళుగా మాటల్లేకపోతే ఒక ఫోన్. తప్పుడు అద్దె రసీదుల విషయమైతే ఆడిటర్‌ను అడిగి రివైజ్డ్ రిటర్న్, గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, తేడా పన్ను వడ్డీతో, అప్‌డేటెడ్ అయితే అదనపు పన్నుతో కూడా కలిపి, కట్టేయొచ్చు. యేసు తన ఇంటికి వచ్చిన రోజునే జక్కయ్య లెక్క చెప్పాడు, నాలుగంతలు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఇంత తేలిక కాదు. రేపే రాజీనామా చేయమని చెప్పడం నాకు సులువు, ఇంటి లోను మీది. కానీ కొన్ని ఇవాళే చేయొచ్చు. ఆ ఉద్యోగాన్ని దేవుని అద్భుతంగా సాక్ష్యం చెప్పడం ఆపండి. చెల్లెలి కొడుక్కి అదే కన్సల్టెన్సీ నంబరు ఇవ్వకండి. తర్వాతి కంపెనీకి రెజ్యూమె రాసేటప్పుడు, జీతం తగ్గినా, ఉన్నదే రాయండి. ఇప్పుడున్న కంపెనీకి చెప్పాలా, ఎప్పుడు ఎలా చెప్పాలి అన్నది నాలుగో పనిలో మీరు ఎంచుకున్న మనిషితో కూర్చుని తేల్చుకోండి. ఏళ్ళకేళ్ళు వాయిదా వేయకండి. లంచం జ్ఞానుల కళ్ళకు కూడా గుడ్డితనం కలిగిస్తుందని ద్వితీయోపదేశకాండం 16:19 అంటుంది. ప్రతి నెలా ఖాతాలో పడే జీతం కూడా ఆ పని చేయగలదు.

కులం విషయంలో మొదటి అడుగు భోజనం. ఎవరింట్లో మీరు ఇంతవరకూ తినలేదో వాళ్ళింటికి వెళ్ళి తినండి. మీ ఇంటికి పిలవడం కాదు, వెళ్ళి తినడం.

సగమే కనిపిస్తే

బేత్సయిదా ఊరి బయట యేసు ఒక గుడ్డివాడి మీద చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనిపిస్తున్నారు అన్నాడు అతను. మార్కు 8లో ఉంది. మన సాక్ష్య కూడికలో అయితే "పూర్తిగా చూపు వచ్చింది, హల్లెలూయా" అనేసేవాడు. అతను అలా అనలేదు కాబట్టే యేసు రెండోసారి చేతులుంచాడు. మీకు కూడా సగమే మారితే సగమే మారిందని చెప్పండి. కోపం తగ్గింది కానీ వెటకారం తగ్గలేదు అని చెప్పగలిగితే, మిగిలిన దానికోసం ఎవరైనా ప్రార్థిస్తారు.

మరి కొందరికి దీనికి పూర్తిగా తిరగబడిన ఇబ్బంది ఉంటుంది. వాళ్ళకు తమ తప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఒప్పుకున్న పాపమే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటారు. పేతురు చెప్పిన గుడ్డితనం వాళ్ళది, శుద్ధి కలిగిన సంగతి మరచిపోవడం. వాళ్ళు ఈ కాగితం పరీక్ష చేయొద్దు. దాని బదులు 2 పేతురు 1లోని మొదటి నాలుగు వచనాలు, దేవుడు ఇప్పటికే ఇచ్చినవాటి గురించి ఉన్నవి, ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించాలి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదు అనిపించే దాకా వస్తే అది గుడ్డితనం కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆస్పత్రి ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయవాణిలో తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రార్థన చేయించుకుంటూనే మందులు వాడొచ్చు, రెండింటికీ గొడవేమీ లేదు.

మళ్ళీ ఎప్పుడు?

చాలా తెలుగు సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు 1 కొరింథీ 11లో చెప్పింది బల్ల గురించే కాబట్టి, ముందు రోజు శనివారం పెట్టుకుంటే గుర్తుంటుంది. పాత కాగితం తీసి గీత గీసిన చోటు చూడండి. అది కాస్త తేటపడితే ఇంకో చోటికి వెళ్ళండి, లేకపోతే ఈ నెల కూడా అదే. మీరు నమ్మి అడిగిన అక్కకో అన్నకో హైదరాబాదుకు ట్రాన్స్‌ఫర్ అయిపోతే, ఈ ఊళ్ళో అది మామూలే, వాళ్ళు సామాను సర్దేలోపు ఇంకొకరిని చూసుకోండి. వీలైతే, ఆ ఇంకొకరు ఎవరైతే బాగుంటుందో వెళ్ళిపోయేవాళ్ళనే అడగండి.